మందు పోసే ముందు కన్ను చూడాలి

2025 పొడుగునా టెక్సాస్‌లో పశువులున్న ప్రతివాడి నోటా ఒక పురుగు పేరే నలిగింది. స్క్రూవార్మ్. పుండు మీద ఈగ గుడ్లు పెడితే, అందులోంచి పుట్టి బతికున్న కండనే తొలుచుకు తినే పురుగు. అమెరికా దీన్ని వెళ్లగొట్టామని 1966లోనే ప్రకటించుకుంది. ల్యాబుల్లో పెంచిన ఈగలకు రేడియేషన్ పెట్టి, సంతానం కలగకుండా చేసి, విమానాల్లోంచి వదిలి సాధించిన విజయం అది. ఆ పురుగు మళ్లీ మధ్య అమెరికా దేశాలు దాటుకుంటూ మెక్సికోలోకి వచ్చింది. అక్కడి పశువుల దిగుమతి ఆపేశారు, కొన్నాళ్లు తెరిచారు, మళ్లీ ఆపారు. 2025 సెప్టెంబరులో సరిహద్దుకు 70 మైళ్ల లోపే, సబినాస్ హిడాల్గో అనే ఊళ్లో ఒక పశువుకు కనిపించిందని తెలిసిన రోజున మా సైట్‌లో లంచ్ టైమ్ అంతా ఇదే ముచ్చట. మా దగ్గర పనిచేసేవాళ్లలో సగం మంది మెక్సికోవాళ్లే. వాళ్ల ఇళ్ల దగ్గరా ఆవులున్నాయి, మేకలున్నాయి.

ఆ పురుగు గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మేము రాయదలచుకున్నది ఇంకో పురుగు గురించి. దీని కోసం విమానాలు ఎగరవు, సరిహద్దులు మూయరు, గవర్నర్లు ప్రెస్‌మీట్లు పెట్టరు. కానీ జార్జియా, అలబామా, తూర్పు టెక్సాస్ వైపు మేకలు పెంచేవాణ్ని అడగండి, తనకు మొదటి శత్రువు ఇదేనంటాడు. మన ఊళ్లలో వీటిని నట్టలంటాం.

మేము సివిల్ డిప్లొమా చేసి, దేశాలు తిరిగి, ఇక్కడ సైట్ సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్లం. పశువైద్యులం కాము. అయినా మాలో ఇద్దరి ఇళ్లు పాలమూరులో గొర్ల మందల మీద నడిచినవే. ఇప్పుడు మేము పంపే డాలర్లు కూడా కొంత ఆ మందల్లోకే పోతున్నాయి. కాబట్టి ఇది మాకు దూరపు సంగతి కాదు.

ముసలాయన అమ్మనన్నాడు

పోయిన దసరాకు మేము నలుగురం డల్లాస్‌కు ఉత్తరాన గంటన్నర దూరంలో ఉన్న ఒక ఫామ్‌కు పోయాం. ఇక్కడ తెలుగువాళ్లున్న ప్రతి పెద్ద నగరం చుట్టూ ఇలాంటి ఫామ్‌లు రెండో మూడో ఉంటాయి. ఫోన్ నంబరు ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే మేక మాంసంలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా నుంచి గడ్డకట్టి వచ్చేదే. పండగపూట అది నోటికి పట్టదు. కళ్లముందు నిలబడ్డ పోతును చూసి బేరం చేస్తేనే మనవాళ్లకు తృప్తి.

మేము రెండు పోతులను చూపించాం. నిగనిగలాడుతున్నాయి. ఫామ్ ఆయన, డెబ్బై దాటిన తెల్లాయన, తల అడ్డంగా ఊపాడు. వాటికి మంగళవారం నట్టల మందు పోశానని, మాంసానికి ఇవ్వడానికి ఇంకా రోజులు కాలేదని చెప్పాడు. పది డాలర్లు ఎక్కువిస్తామన్నా వినలేదు. తర్వాత ఇంకో దాన్ని పట్టుకుని, కింది కనురెప్పను బొటనవేలితో లాగి, జేబులోంచి తీసిన రంగుల కార్డును పక్కన పెట్టి చూపించాడు. కార్డు మీద ఐదు కళ్లు, ఐదు రంగులు. ఎర్రగా ఉంటే ఒకటి, తెల్లగా పాలిపోతే ఐదు. ఆ మేకది రెండు. ‘‘దీన్ని తీసుకెళ్లండి, దీనికి నేను ఈ ఏడాది మందే పోయలేదు’’ అన్నాడు.

మాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మా తాతలు సంతలో గొర్రెను కొనేముందు చేసేదీ అదే. రెప్ప లాగి చూస్తారు, పళ్లు చూస్తారు, నడుం మీద చెయ్యి వేసి వెన్నెముక తగులుతుందా అని తడుముతారు. అమెరికా యూనివర్సిటీలు ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్టు రాసిచ్చే విద్య మా తాతలకు ముందే వచ్చునే అనుకున్నాం. తీరా ఇంటికొచ్చి చదివితే సంగతి అంత సులువుగా లేదు. రెప్ప చూసి మందు పోయడం పాత విద్యే. రెప్ప చూసి మందు పోయకుండా వదిలెయ్యడం మాత్రం కొత్త విద్య. అది నేర్చుకోవడానికి అమెరికాకు నలభై ఏళ్లు పట్టింది, లక్షల జీవాలు పట్టాయి.

రోజుకు ఎంత రక్తం?

గొర్రెలు, మేకల కడుపులో ఉండే నట్టలు చాలా రకాలు. బద్దె పురుగులు వేరు, కాలేయంలో చేరే జలగలు వేరు, పేగుల్లో ఉండే సన్న పురుగులు వేరు. వీటన్నిటిలోకి ప్రాణాంతకమైంది హీమాంకస్ కంటార్టస్ అనే రక్తం తాగే నట్ట. నాలుగో పొట్ట గోడకు అంటుకుని ఉంటుంది. అంగుళం దాకా పొడుగు. ఆడ నట్ట కడుపు నిండా ఎర్రటి రక్తం, దాని చుట్టూ మెలి తిరిగిన తెల్లటి గుడ్ల సంచులు. పాతకాలపు బార్బర్ షాపుల ముందు తిరిగే ఎర్ర తెల్ల చారల స్తంభంలా కనిపిస్తుందని ఇక్కడివాళ్లు దానికి బార్బర్ పోల్ వార్మ్ అని పేరు పెట్టారు.

లెక్క చూడండి. ఒక నట్ట రోజుకు తాగేది 0.05 మిల్లీలీటరు. అదేమంత అనిపిస్తుంది. కానీ ఒక జీవంలో వెయ్యి నట్టలుండటం వింత కాదు. అప్పుడు రోజుకు 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే రెండు లీటర్లకు అటూ ఇటూ. అంటే నలభై రోజుల్లో ఒంట్లో ఉన్నంత రక్తం బయటికి పోతుంది. పైనున్న ట్యాంకుకు కింద చిల్లు పడింది, మోటారు నీళ్లు తోడుతూనే ఉంది, ట్యాంకు నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది. మోటారు తట్టుకోలేని రోజున ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. నిన్నటిదాకా మేసిన గొర్రె పొద్దున చచ్చిపడి ఉందంటారు కదా, సంగతి ఇదే. రక్తంలో మాంసకృత్తులు తగ్గి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. ఈ నట్టకు విరేచనాలు కూడా ఉండకపోవచ్చు. పారుడు లేదు కాబట్టి నట్టలు కావు అనుకోవడం పెద్ద పొరపాటు.

ఒక ఆడ నట్ట రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడతాయి. వెచ్చదనం, తడి ఉంటే వారం తిరిగేలోపు పిల్ల పురుగులై గడ్డి పరకల మీద ఎక్కుతాయి. నాలుగు అంగుళాల పైకి ఎక్కేవి తక్కువ. గడ్డితోపాటు కడుపులోకి పోయిన మూడు వారాలకు మళ్లీ గుడ్లు. అందుకే పశ్చిమ టెక్సాస్ ఎండు నేలల్లో దీని జోరు తక్కువ, వానలుండే తూర్పు టెక్సాస్‌లో ఎక్కువ. చలికాలంలో పొట్టలోనే నిద్రపోయినట్టు ఆగిపోయి, వసంతంలో తల్లులు ఈనే వేళకు మేల్కొంటుంది. పిల్లలు పుట్టేసరికి వాటికి మేత పురుగులతో సహా సిద్ధంగా ఉంటుందన్నమాట.

మేకకు ఇంకో చిక్కు ఉంది. అది పుట్టుకతో ఆకులు తినే జీవి. ముందు కాళ్లెత్తి కొమ్మ అందుకుంటుంది. ఆ ఎత్తులో నట్టలుండవు. అందుకే గొర్రెకున్నంత రోగనిరోధక శక్తి మేకకు అలవడలేదు. కంచె వేసి పచ్చిక మీద మేపితే మేక త్వరగా దెబ్బతింటుంది. అమెరికాలో జరిగింది సరిగ్గా ఇదే.

మేకలు ఇక్కడికెలా పెరిగాయి

ఈ కథలో మన వంటి వలసవాళ్లకూ వాటా ఉంది. టెక్సాస్‌లో ఒకప్పుడు మేకంటే అంగోరా మేక, దాని ఉన్ని. 1954 నాటి ఉన్ని చట్టం కింద ప్రభుత్వం డబ్బులిచ్చేది. 1990లలో ఆ సాయం ఆగిపోయింది. 1993లో దక్షిణాఫ్రికా జాతి బోయర్ మేకలు దిగాయి, మాంసానికి. 2004లో పొగాకు కోటాలను ప్రభుత్వం కొనేశాక కెంటకీ, టెన్నెసీ రైతులు కొందరు పొగాకు పొలాల్లో మేకలు కట్టారు. కొనేదెవరు? మెక్సికోవాళ్లు, కరీబియన్లు, సోమాలీలు, అరబ్బులు, మనవాళ్లు. ఇప్పుడు దేశం మొత్తం మీద మేకలు సుమారు 25 లక్షలు, గొర్రెలు 50 లక్షలు. రెండింటిలోనూ టెక్సాస్‌దే మొదటి స్థానం. శాన్ ఏంజెలోలో జరిగే వేలం దేశంలోనే పెద్ద గొర్రెలు, మేకల సంత.

పోల్చి చూస్తే, 2019 పశుగణనలో ఒక్క తెలంగాణలోనే గొర్రెలు కోటీ 90 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షలు. అమెరికా మొత్తం మంద మన రెండు మూడు జిల్లాల మందలకు సరిపోతుందేమో. అయినా గొడవ మాత్రం వాళ్లదీ మనదీ ఒకటే.

(ఇంకో మాట, విషయం కాస్త పక్కకైనా. పశ్చిమ రాష్ట్రాల కొండల్లో గొర్రెల వెంట తిరిగే కాపరులు ఎక్కువగా పెరూ నుంచి హెచ్-2ఏ వీసా మీద వచ్చినవాళ్లు. 2015లో కార్మిక శాఖ నిబంధన మార్చేదాకా చాలా రాష్ట్రాల్లో వాళ్ల నెల జీతం 750 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉండేది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మాకు ఆ లెక్క కొత్తగా అనిపించలేదు.)

మందు ఓడిపోయిన కథ

1961లో థయాబెండజోల్ అనే మందు వచ్చింది. అంతకుముందున్న ఘాటు మందుల పక్కన అది అద్భుతం. మూడేళ్లకే, 1964లో, కెంటకీ పరిశోధకులు ఆ మందుకు చావని హీమాంకస్‌ను చూపించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెనకాల ఇంకా మంచి మందులు వస్తున్నాయి కదా అని. నిజంగానే వచ్చాయి. 1981లో ఐవర్‌మెక్టిన్ వచ్చింది, దాన్ని కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ బహుమతి కూడా దక్కింది. చవక, సులువు. రైతులకు చెప్పిన సలహా ఒకటే: మందంతటికీ ఒకే రోజు పోయండి, నెలకో రెండు నెలలకో పోయండి, పోశాక కొత్త పచ్చికలోకి తోలండి.

ఈ సలహాలో ప్రతి ముక్కా ఆ రోజుల్లో సైన్సే. ఈ రోజున ప్రతి ముక్కా తప్పు.

ఎందుకంటే మందంతటికీ పోస్తే బతికేవి మందుకు చావని నట్టలు మాత్రమే. వాటిని కొత్త పచ్చికలోకి తోలితే అక్కడ పడే గుడ్లన్నీ వాటివే. పాత గడ్డిలో అయితే మందుకు లొంగే నట్టల సంతానం కూడా కలిసి, మొండివి పలచబడేవి. శుభ్రమైన నేలలో మొండి విత్తనం ఒక్కటే చల్లినట్టయింది. నెలకోసారి ఆ పని చేస్తే ఏమవుతుంది?

2008లో జార్జియా యూనివర్సిటీవాళ్లు లెక్క బయటపెట్టారు. దక్షిణాది రాష్ట్రాలు, ప్యూర్టోరికో, వర్జిన్ దీవుల్లో 46 ఫామ్‌ల నుంచి పెంటికలు తెచ్చి పరీక్షించారు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వర్గం మందులకు లొంగని నట్టలు 98 శాతం ఫామ్‌లలో కనిపించాయి. ఐవర్‌మెక్టిన్‌కు లొంగనివి 76 శాతం ఫామ్‌లలో, లెవమిసోల్‌కు 54 శాతం, అప్పటికి కొత్తదైన మాక్సిడెక్టిన్‌కు 24 శాతం. మూడు వర్గాల మందులూ పనిచేయని ఫామ్‌లు 48 శాతం. మాక్సిడెక్టిన్ కూడా కలిపి ఏ మందూ పనిచేయనివి 17 శాతం. చివరి లెక్కలోకి వచ్చిన రైతు పరిస్థితి ఊహించండి. దుకాణంలో సీసాలున్నాయి, జేబులో డబ్బుంది, జీవాలు చస్తున్నాయి.

ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు ముక్క ఒకటుంది. మందు పేరు వేరు, మందు వర్గం వేరు. ఆల్బెండజోల్ పనిచేయలేదని ఫెన్‌బెండజోల్ కొంటే మార్చినట్టు కాదు. సీసా మారింది, కంపెనీ మారింది, రంగు మారింది, వర్గం మాత్రం అదే. సిమెంటు బస్తా మీద బొమ్మ మారినంత మాత్రాన గ్రేడు మారదు కదా. ఒక మందుకు మొండికెత్తిన నట్ట అదే వర్గంలోని మరో మందుకూ మొండికేస్తుంది.

ఐదు కళ్ల కార్డు

ముసలాయన జేబులోని కార్డు పేరు ఫమాచా. దక్షిణాఫ్రికా పశువైద్యుడు ఫఫా మలాన్ పేరులోని అక్షరాలతో కట్టిన పేరు అది. 1990లలో అక్కడ పుట్టింది, 2000ల తొలి ఏళ్లలో దక్షిణాది యూనివర్సిటీల కూటమి దీన్ని అమెరికా రైతుల చేతిలో పెట్టింది. నల్లజాతివాళ్ల కోసం పెట్టిన పాత కాలేజీలు ఇందులో బాగా కష్టపడ్డాయి. జార్జియాలోని ఫోర్ట్ వ్యాలీ స్టేట్, ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్, టెక్సాస్‌లోని ప్రెయిరీ వ్యూ. పెద్ద పెద్ద గొడ్ల రాంచీల వెంట మిగతావాళ్లు తిరుగుతుంటే, పదీ ఇరవై మేకలున్న చిన్న రైతు దగ్గరికి పోయింది వీళ్లే. ఈ సంగతి మాకు నచ్చింది.

కార్డు వెనకున్న తర్కం ఇది. మందలో నట్టలు అందరికీ సమానంగా పంచి ఉండవు. నూటికి ఇరవై ముప్పై జీవాల్లోనే డెబ్బై ఎనభై శాతం నట్టలుంటాయి. ఆ కొన్నిటినే పట్టుకుని మందు పోస్తే మంద బతుకుతుంది. మిగతావాటికి పోయకపోతే వాటి కడుపులో మందుకు లొంగే నట్టలు కొన్ని మిగిలి, మొండి జాతిని పలచన చేస్తూ ఉంటాయి. అంటే మందును కాపాడుకోవడానికి కొన్ని నట్టలను బతకనివ్వాలి. వినడానికి వింతగా ఉంటుంది. మా నాన్నల తరానికి ఇది చెప్పడం చాలా కష్టం.

రెప్ప రంగు నాలుగు, ఐదు అయితే తప్పక పోయాలి. మూడైతే పిల్లలు, పాలిచ్చే తల్లులు, బక్కచిక్కినవి చూసి నిర్ణయించుకోవాలి. ఒకటి, రెండు అయితే వదిలెయ్యాలి. తడి, వెచ్చటి నెలల్లో రెండు వారాలకోసారి చూడాలి. ఈ కార్డు రక్తం తాగే నట్టకే పనికొస్తుంది. కాలేయపు జలగ వల్లా కన్ను పాలిపోతుంది, పేగు నట్టల వల్ల పాలిపోకపోవచ్చు. అందుకే దవడ, వెన్ను, తోక కింద మరకలు, ముక్కు కూడా చూడమంటారు.

ఇక మందు పనిచేస్తోందా లేదా అన్నది కంటితో తేలదు. పెంటికల పరీక్ష చేయించాలి. మందు పోసే రోజున గ్రాముకు ఎన్ని గుడ్లున్నాయో లెక్క పెట్టి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ లెక్కపెడతారు. నూటికి 95 గుడ్లు తగ్గాలి. తగ్గకపోతే ఆ మందు అక్కడ చచ్చిపోతున్నట్టే. మా పనిలో కాంక్రీటు పోసిన రోజే సిలిండర్లు నింపి, 7 రోజులకు, 28 రోజులకు పగలగొట్టి చూస్తాం. చూడటానికి గట్టిగానే ఉంది కదా అని ఎవడూ సెంట్రింగ్ విప్పడు. పశువుల మందు దగ్గర మాత్రం రెండు దేశాల్లోనూ పోశాం, అయిపోయింది అనుకుంటారు.

మందు కాక ఇతర దారులూ వెతుకుతున్నారు. ఆర్కన్సాలోని బూన్‌విల్ ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో జోన్ బర్క్ బృందం రాగి ఆక్సైడు తీగ ముక్కలు మింగించి హీమాంకస్‌ను తగ్గించవచ్చని చూపించింది. రాగి గొర్రెకు విషం కూడా కాబట్టి కొలత తప్పితే ప్రమాదం. 1930లలో నేల కోత ఆపడానికి దక్షిణాదిలో నాటిన సెరీషియా లెస్పెడిజా అనే ఆసియా మొక్క ఉంది. కాన్సాస్‌లో అది పీకేయాల్సిన కలుపు. అందులోని టానిన్ నట్టలను అణుస్తుందని ఫోర్ట్ వ్యాలీలో టామ్ టెరిల్ వంటివాళ్లు తేల్చాక ఇప్పుడు దాన్ని గోళీలుగా చేసి అమ్ముతున్నారు. మన తుమ్మలోనూ టానిన్ దండిగా ఉంటుంది. నట్టలను తట్టుకునే కటాహ్డిన్, సెయింట్ క్రాయ్ గొర్రెలు, కికో మేకలకు గిరాకీ పెరిగింది. అందంగా కండపట్టిన బోయర్ మేక ఈ విషయంలో వెనకబడిందని టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ పరీక్షల్లో తేలింది.

మన మందల సంగతి

ఇప్పుడు ఇంటికొద్దాం. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్. లక్షా 25 వేల ఖరీదులో 75 శాతం సబ్సిడీ. గొర్రెలను పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. ఆ పథకం డబ్బుల మీద వచ్చిన కేసులు, రాజకీయాలు వేరే కథ, దాని జోలికి మేము పోవడం లేదు. మా బాధ ఇంకొకటి. లారీ దిగిన గొర్రె తన కడుపులో నట్టలను కూడా తెస్తుంది. అవి ఏ మందుకు చస్తాయో, ఏ మందుకు చావవో ఎవరికీ తెలియదు. ఇక్కడ సంతలో కొన్న జీవాన్ని జాగ్రత్తపరుడైన రైతు రెండు మూడు వారాలు గడ్డి లేని దొడ్లో విడిగా కట్టి, రెండు మూడు వర్గాల మందులు డాక్టరు చెప్పినట్టు పోసి, పెంటికలు పరీక్షించాకే మందలో కలుపుతాడు. మన దగ్గర దిగిన సాయంత్రమే మందలో కలిసిపోతాయి.

రెండో సంగతి నీళ్లు. పాలమూరుకు ఎత్తిపోతల నీళ్లొచ్చాయి, చెరువులు నిండాయి. మాకంటే సంతోషపడేవాళ్లు ఉండరు, ఆ నీళ్లు లేకనే మా ముందు తరం బొంబాయికి, పుణెకు తట్ట మోయడానికి పోయింది. అయితే ఒకప్పుడు బీడు మీద ఎండు గడ్డి, కొమ్మలు కొరికి తిరిగిన మంద ఇప్పుడు కాలువ గట్ల పొట్టి పచ్చిక మీద మేస్తోంది. తడి, పచ్చి, పొట్టి గడ్డి. నట్టకు ఇంతకంటే ఏం కావాలి? చెరువు అంచుల్లో నత్తలుంటే జలగలు కూడా తోడవుతాయి. ఎండు ప్రాంతానికి సరిపోయిన పాత అలవాట్లు తడి ప్రాంతంలో సరిపోవని మా అంచనా.

మూడోది, నట్టల నివారణ శిబిరాలు. రెండు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక శాఖ ఊరూరా ఉచితంగా మందు పోయిస్తుంది. ఇది లేకపోతే పేద కాపరికి దిక్కే లేదు, ఎత్తేయమని మేము అనడం లేదు. కానీ ఊళ్లోని జీవాలన్నిటికీ ఒకే రోజు, ఒకే వర్గం మందు, తూకం లేకుండా కంటి అంచనాతో, ఏడాదికి పలు విడతలు. అమెరికా సరిగ్గా ఈ దారిలోనే పోయి గోడకు గుద్దుకుంది. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ పొడి ప్రాంతాలకు వానాకాలం మధ్యలోనో చివర్లోనో ఏడాదికి ఒక్క విడత చాలని చెబుతూ వచ్చింది. మరి మన జిల్లాల్లో ఏ మందు ఎంత పనిచేస్తోందో జిల్లాకు పది మందల్లోనైనా గుడ్లు లెక్కపెట్టి ప్రకటిస్తే ఎంత ఖర్చు? సీసాలు కొనే డబ్బులో అది లెక్కలోకి రాదు.

మాలో ఒకతని నాయన పోయిన వానాకాలంలో ఇరవై ఆరు జీవాల్లో ఏడింటిని పోగొట్టుకున్నాడు. ఫోన్‌లో మాట్లాడినప్పుడు మేమంతా పక్కనే ఉన్నాం.

‘‘గొంతు కింద సంచి దిగింది బిడ్డా. మందు పోసినం. నెల తిరక్కముందే మళ్ల పోసినం. ఏం లాభం లేకపాయె.’’

‘‘రెండోసారి ఏ మందు నాయనా?’’

‘‘దుకాణంల వేరేది ఇచ్చిండు. మంచిదన్నడు, రేటు గూడ ఎక్కువనే.’’

సీసా ఫొటో పంపించమన్నాం. మొదటిది ఆల్బెండజోల్. రెండోది ఫెన్‌బెండజోల్. ఆ ఏడు జీవాల ఖరీదు ఇక్కడ మాకు రెండు మూడు వారాల ఓవర్‌టైమ్. అక్కడ ఆయనకు ఏడాది.

తూకం సంగతి కూడా ఆయనకు చెప్పాం. మందులో సగటు గొర్రెకు లెక్క కట్టి అన్నిటికీ అంతే పోస్తే పెద్దవాటికి చాలదు. చాలీచాలని మందు నట్టలను చంపదు, మొండిగా తయారు చేస్తుంది. సిరంజిని నాలుక వెనక్కి పెట్టి పోయాలి, నోటి ముందు పోస్తే మందు చేరాల్సిన మొదటి పొట్టకు చేరదు. మేక ఒంట్లో మందు గొర్రె కంటే వేగంగా అరిగిపోతుంది కాబట్టి చాలా మందులకు మేక మోతాదు ఎక్కువ, కానీ ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. మన దగ్గర దొరికే క్లోసాంటెల్ ఇక్కడ అమెరికాలో లేదు. రక్తం తాగే నట్ట మీద, జలగ మీద బాగా పనిచేస్తుంది, కానీ మోతాదు మించితే జీవం కళ్లు పోతాయి. దుకాణదారు మాట మీద పోయాల్సిన మందు కాదది.

ఇక్కడ కొనేవాళ్లకు

ముందుగా ఒక భయం తీర్చాలి. మేక కడుపులోని హీమాంకస్ మాంసం ద్వారా మనకు రాదు. చూసుకోవాల్సింది మందు అవశేషాలు. లేబుల్ ప్రకారం ఇక్కడ గొర్రెకు ఐవర్‌మెక్టిన్ తాపాక 11 రోజులు, మేకకు ఫెన్‌బెండజోల్ తాపాక 6 రోజులు ఆగాకే కొయ్యాలి. మేకలకు అనుమతి ఉన్న నట్టల మందులు చాలా తక్కువ. మిగతావి పశువైద్యుడు రాసిస్తేనే వాడాలి, అప్పుడు గడువు ఆయన చెప్పిందే. కాబట్టి ఫామ్‌లో ధర అడిగేముందు మందు ఎప్పుడు పోశావని అడగండి. మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

రెండోది, మీరు కొన్న మేకను మీ ఇంటివాళ్ల కోసం, అతిథుల కోసం కోసుకోవచ్చు. ఆ మాంసాన్ని అమ్మడం నేరం. కస్టమ్ షాపులో కోయిస్తే ప్యాకెట్ల మీద ‘నాట్ ఫర్ సేల్’ అని ముద్ర వేసేది అందుకే. వాట్సాప్‌లో కిలో ఇంత అని పెట్టేవాళ్లు జాగ్రత్త, మన వీసాలతో ఆడుకోవద్దు. కాలేయంలో నీటి బుడగలు కనిపిస్తే ఆ ముక్కను కుక్కకు వెయ్యొద్దు, అది బద్దె పురుగు పిల్ల దశ కావచ్చు. కుక్క తింటే దాని మలం ద్వారా మనిషికి చేరే రకాలున్నాయి.

మూడోది ఐవర్‌మెక్టిన్. 2021లో కరోనా భయంతో జనం పశువుల మందు దుకాణాల మీద పడి గుర్రాల పేస్టు, గొర్రెల మందు ఊడ్చుకుపోయారు. మీరు గుర్రాలు కాదు, ఆవులు కాదు అని ఎఫ్‌డీఏ ట్విట్టర్‌లో చెప్పాల్సి వచ్చింది. టెన్నెసీ 2022లో, టెక్సాస్ సహా మరికొన్ని రాష్ట్రాలు 2025లో మనుషుల ఐవర్‌మెక్టిన్‌ను డాక్టరు చీటీ లేకుండా ఇచ్చేలా చట్టాలు చేశాయి. గొర్రెల దగ్గర అతిగా వాడి పోగొట్టుకున్న మందు ఇది. మా క్యాంపులోనే ఇద్దరు దీన్ని డబ్బాలో దాచుకున్నారు. దేనికని అడిగితే, ఉండనీ అన్నారు.

దసరా తర్వాత నెల రోజులకు మళ్లీ ఆ ఫామ్‌కు పోయాం. కార్డును ఫొటో తీసి ఊరికి పంపుతామంటే ముసలాయన వద్దన్నాడు. ఫోన్ తెరలో రంగు మారిపోతుందట, జిరాక్సు తీసినా అంతే. రంగు తేడా వస్తే కార్డు ఉండీ లేనట్టే. ఆ మాట ఫోన్‌లో చెబితే నాయన నవ్వాడు. రెప్ప చూడటానికి తనకు అట్ట ముక్క ఎందుకన్నాడు. కన్ను ఎర్రగా ఉన్నవాటికి మందు పోయకుండా వదలమని మేమంటే మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, ఈ వానాకాలం పది జీవాలను వదిలి చూస్తానన్నాడు. వాటికి వీపు మీద పచ్చరంగు వేస్తాడట, శిబిరంలో పొరపాటున పోయకుండా.